టైగరు గృహప్రవేశము

మన భాషలో కోడికి గూడు కలదు, గంప కలదు. ఆవులకును ఎద్దులకును కొట్టము కలదు, సావిడి కలదు. గొఱ్ఱెలకు దొడ్డియు, గుఱ్ఱమునకు సాలయు, చిలుకకు పంజరమును, తుదకు చీమకును పామునకును పుట్టయు కలవు. వేలయేండ్లనుండి మన వాకిళ్లు కాచుచు, మన విస్తళ్లలోని మిగులు మెతుకులతో కడుపు నింపుకొనుచు వచ్చిన కుక్కకు మాత్రము తనదని చెప్పుకొనదగిన కొంప లేదు, ఆ కొంపకొక పేరును లేదు. నేడు మనము వాడుచున్న 'కుక్కగూడు' అను మాట కోడినుండి యెరువు తెచ్చినది. 'కెన్నెల్' అనునది దొరల బంగళాలనుండి దిగివచ్చినది.

దీనిని బట్టి మన పూర్వులు కుక్కలయెడ దయమాలినవారని తీర్పు చెప్పుట తొందరపాటగును. వారికి ఆ మాటతో అవసరము పడలేదు. పెంకుటింటి ముందు వీథియరుగులు రెండు, వాటిపై నీడగా దిగిన చూరు, పెరటిలో గడ్డివామి, దాని ప్రక్కన బండి, పొయ్యిలో చల్లారుచున్న బూడిద, ఇన్ని యుండగా కుక్క ప్రొద్దుటియెండకు అరుగుమీదను, మిట్టమధ్యాహ్నము బండిక్రిందను, సందెవేళ వాకిటను, పుష్యమాసపు రాత్రులందు గోరువెచ్చని బూడిదలోను పండుకొని, ఋతువునకొక యిల్లును జామునకొక గదియు కలిగి, మనకంటె విశాలముగా బ్రతికినది. ఇప్పుడు అరుగులు పోయినవి. వీథియంచుదాక ప్రహరీ, ప్రహరీలోపల కారునకు చప్టా, చప్టా దాటగానే అద్దమువలె మెఱయు గ్రానైటు. కుక్క గోళ్లకు పట్టియ్యని ఆ నునుపుమీద నాలుగు వెండ్రుకలు కనబడినచో ఇల్లాలికి కంటగింపు. అప్పుడు మనకు కుక్కగూడు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. అనగా ఈ గూటికి మూలము చాలయిండ్లలో కుక్కమీది ప్రేమకంటె గచ్చుమీది ప్రేమయే. ఈ సంగతి మొదటనే ఒప్పుకొనినచో తరువాతి మాటలు సులభమగును.

మా యింటిలో జరిగినదియు నిదియే. రాజమహేంద్రవరములో మేము కాపురమున్న యింటి వసారాకు నిరుడు మాఘమాసములో గ్రానైటు పఱపించితిమి. అంతకు మూడేండ్ల ముందు, మృగశిరకార్తె వానలో తడిసి మురుగుకాలువ గట్టున మూలుగుచుండగా మా మనుమడు చొక్కాలో దోపుకొని తెచ్చిన నాటుకుక్కపిల్ల, నాటినుండి ఆ వసారాలోనే, ద్వారబంధమునకు బెత్తెడు దూరమున, ఒక గోనెపట్టామీద పండుకొనుచుండెను. దాని పేరు టైగరు. ఉఱుము వినబడినచో మంచముక్రింద దూరును గాని పేరు మాత్రము టైగరే. ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుకలుండెను. తాపీమేస్త్రి చేతికింద పనిలేక యుండెను. పెరటి వాయవ్యమూల ఖాళీగా నుండెను. సిద్ధాంతిగారు సైతము ఆ మూలకు దోషము లేదనిరి. మూడడుగుల చదరమున గోడలు లేపి, పైన రేకు వైచి, సిమెంటు పూసి, ఆకుపచ్చరంగు కొట్టించితిమి. మా మనుమడు వాకిలిపైన 'టైగరు నిలయం' అని తెల్లరంగుతో వ్రాసి బంతిపూలదండ కట్టినాడు. ఇందఱిని సంప్రదించితిమి గాని కుక్కను సంప్రదింపవలెనని మాలో నొక్కరికిని తోచలేదు.

గృహప్రవేశమునాడు టైగరు వచ్చినది, గడప వాసన చూచినది, ఒకమారు తుమ్మినది, గోడమూలకు కాలెత్తి తన పని ముగించుకొని, తిన్నగా వసారాకు పోయి గోనెపట్టామీద పండుకొనినది. అది మొదలు పదునైదు దినములు మేము చేయని యుపాయము లేదు. బ్రతిమాలితిమి. బిస్కట్లు లోపలికి విసరితిమి. బయటనుండియే మెడ సాచి అందినవి తిని, అందనివి చీమలకు వదలివేసినది. నడుము పట్టి త్రోసితిమి. నాలుగుకాళ్లను నాలుగు గుంజలవలె పాతి నిలిచినది. సుమతీశతకకర్త సింహాసనమెక్కించి మరీ కుక్కను నిందించినాడు. ఆ సింహాసనమును కుక్క కోరినట్లు మాత్రము ఆ పద్యములో నెక్కడను లేదు.

మా ప్రక్కయింటాయన యోగ్యుడు, పదిమందికి అక్కఱకు వచ్చువాడు. ఆయన గోడమీదుగా ఈ తతంగమంతయు చూచి, "ఏంటండీ మాస్టారూ, కుక్కని బతిమాలుతున్నారా? రెండ్రోజులు అక్కడే గొలుసేసి కట్టి పడెయ్యండి, అదే అలవాటైపోద్ది" అనిరి. ఈ సలహా మన యూళ్లలో ప్రతి వీథియందును ఉచితముగా దొరకును. దీనిని గుఱించియే నేనీ వ్యాసము వ్రాయుట. ఏలయన నేనును దానిని పాటించితిని.

ఒక్క రాత్రి కట్టితిని. తెల్లవాఱి చూతును గదా, నీళ్లచట్టి బోర్లపడియున్నది. మెడబెల్టు ఒరసిన చోట వెండ్రుకలూడి ఎఱ్ఱని చార తేలినది. గొలుసు అందినంతమేర నేల అర్ధచంద్రాకారమున త్రొక్కబడి దుమ్మెత్తిపోయినది. గూటిలోనికి మాత్రము ఒక్క అడుగుజాడ లేదు. రాత్రియంతయు మంచులో నిలువనైన నిలిచినది గాని రెండు మూరల దూరములో నేను కట్టించిన కప్పుక్రిందికి పోలేదు. మఱునాటినుండి గొలుసు గలగలమన్నంతనే టైగరు మంచముక్రిందికి పోవుచుండెను. నేను వాయవ్యమూలకు మొక్కలకు నీళ్లు పోయుటకు పోయినను, దూరముగా నిలిచి చూచుటయే గాని వెంట వచ్చుట మానెను. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి నందిన రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కలయందు కనిపెట్టినది బడిపిల్లలకు సైతము తెలియును: అన్నముతో జతపడిన చప్పుడు చెవినిబడినంతనే అన్నము లేకున్నను కుక్కకు నోరూరును. ఆ పాఠమును నేను బడిలో ఎన్నియేండ్లు చెప్పితినో! అన్నమునకు బదులు బాధను జతపఱచినచో ఏమి జరుగునో మాత్రము నా పెరటిలో, నా చేతితో, నా కుక్కమీద నేర్చుకొనవలసి వచ్చినది. గొలుసుతో అలవాటు కలుగునన్న మాట యొకవిధముగా నిజమే. కలుగునది గూటి యలవాటు కాదు, గూటియెడ భయము.

చట్టము సంగతియు కొంత చెప్పవలెను. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుదలతో కదలించిన యుద్యమమునకు ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసినది. దాని ననుసరించి 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టములోని 11వ సెక్షను అకారణముగా పొట్టిదిగాని బరువైనదిగాని యగు గొలుసుతో జంతువును మితిమీఱిన కాలము కట్టియుంచుటను నేరమనుచున్నది. ఎల్లప్పుడును కట్టియుంచు కుక్కను యజమాని త్రిప్పక నిర్లక్ష్యము చేయుటను వేఱుగా పేర్కొని మఱియొక నేరమనుచున్నది. చాలినంత తిండి, నీరు, నీడ యియ్యకుండుటను ఇంకొక నేరమనుచున్నది. తొలితప్పునకు చట్టములో వ్రాసిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలవఱకు. అరకిలో కందిపప్పు కూడ రాని ఈ సొమ్మునకు వెఱచి గొలుసు విప్పువాడెవడును ఉండబోడు. కాని వీథివీథిని మనము సహజమని తలచి చేయుచున్న పనికి 1960లోనే నేరమని పేరుపెట్టినారన్న సంగతి గోడమీదుగా సలహా చెప్పువారికి తెలిసియుండుట మంచిది.

ధర్మరాజును వెంబడించిన కుక్కను అందఱును ఎఱుగుదురు. మహాభారతములో చివరనే కాక మొదటను ఒక కుక్క యున్నది, దానిని మఱచితిమి. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవతల కుక్కయగు సరమ కొడుకు సారమేయుడు అక్కడికి వచ్చెను. హవిస్సును నాకలేదు, కన్నెత్తియు చూడలేదు; అయినను రాజు తమ్ములు వానిని కొట్టిరి. సరమ వచ్చి నా బిడ్డ తప్పేమని యడిగినప్పుడు ఆ సభలో బదులు చెప్పగలవాడు లేకపోయెను. మెడమీది చారకు పసుపు రాయుచుండగా నాకు జ్ఞాపకమునకు వచ్చినది ఆ బదులులేని సభయే.

గూటి రహస్యము బయటపడుటకు ఒక కోడిపెట్ట కారణమైనది. మేము ఆశ వదలుకొనిన తరువాత వైశాఖమాసములో ప్రక్కయింటివారి పెట్ట అందులో చేరి, ప్రొద్దుటిపూట చల్లవేళ గ్రుడ్డుపెట్టి పోవుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము రెండుగంటలకు ఆ యింటి యిల్లాలు గ్రుడ్లకై కబురంపగా, నేను మోకాళ్లమీద కూర్చుండి చేయి లోపలికి చాచితిని. మోచేయి రేకునకు తగిలి చుఱుక్కుమన్నది. గ్రుడ్లు వెనుకగోడ దగ్గర నుండుటచేత తలయు భుజములును సైతము లోపలికి దూర్పవలసి వచ్చినది. లోపల గాలి లేదు, కుమ్మరియావమువలె సెగ, రెండు నెలలైనను చావని రంగువాసన. గ్రుడ్లు చేతబట్టుకొని, వెనుకకు రాలేక, ఎట్లో మెడ త్రిప్పి బయటికి చూచితిని. గేటు కనబడదు, వసారా కనబడదు, వంటింటి గుమ్మము కనబడదు. కనబడునది మూరెడు దూరమున పాచిపట్టి నల్లబడిన ప్రహరీగోడ యొక్కటే. గూటి ముఖము పెరటివైపు ఉండిన చూపులకు బాగుండదని గోడవైపు త్రిప్పించినవాడను నేనే.

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. అరికాళ్ల మెత్తలయందే కొంచెము పట్టును. నాలుక వ్రేలవైచి రొప్పుటయే దానికి విసనకఱ్ఱ. దాని సహజమైన వేడియే ఫారెన్‌హీటు కొలతలో 101 నుండి 102.5 డిగ్రీలవఱకు ఉండును గనుక, రొప్పి బయటికి వదలిన ఆవిరి పోవుటకు త్రోవలేని రేకులపెట్టెలో అది యెంత రొప్పినను చల్లబడదు. ముక్కు సంగతి చెప్పనక్కఱలేదు. మనకు నాలుగు దినములలో ఆఱిపోయిన రంగు దానికి నాలుగు నెలలు పచ్చిగానే యుండును. ఈ రెంటికంటె పెద్ద లోపము మూడవది. కాపలాకుక్క యని మనము గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు తగిలింతుము. గేటు కనబడని మూలకు దానిని పొమ్మందుము. తన మనుష్యులు వచ్చు త్రోవయు, తనకన్నము వచ్చు గుమ్మమును ఒక్క చూపులో పట్టియుంచగల చోటు కుక్క తనంతట తాను వెదకికొనును. టైగరు పండుకొనిన వసారామూల అట్టిది. నునుపుగచ్చుమీద దానికి మోజు లేదు. ఆ చూపు దానికి కావలెను.

ఇటుకగూడు పడగొట్టించితిని. వడ్రంగిచేత పాత మామిడిచెక్కలతో పెట్టెయొకటి చేయించితిని. కాళ్లు సాచి ప్రక్కవాటుగా పండుకొనిన టైగరు పొడవునకు జానెడు కలిపి లోపలి కొలత తీసికొంటిమి; మెడ వంపక నిలుచునంత యెత్తు; చూరుక్రింద వెనుకచెక్కకు గాలికై రెండు సందులు; తేమ తగులకుండ నాలుగుమూలల ఇటుకలపై జానెడు లేపితిమి; పైని తాటాకు. తలుపు పెట్టలేదు. మూయగల తలుపున్నచో ఏదో యొకనాడు కోపములో మూయుదుమని నా భయము. ఇటుక పోవుట ఇంకొకందుకును మేలైనది. గోమార్లలో ఆడుది రక్తము త్రాగి కుక్కమీదినుండి జాఱి గోడనెఱ్ఱెలలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. పగుళ్లుబాఱిన ఇటుకగూడు వాటికి పుట్టినిల్లు. చెక్కపెట్టెనైన నెలకొకమారు బోర్లించి, ఎండలో వైచి, సందులు చూడవలసినదే.

ఆ పెట్టెను మొదట పెట్టినది వసారాలోనే, గ్రానైటుమీదనే, టైగరు పండుకొను చోటనే. మా యావిడ సహించినది. అంతకంటె ఆమెనుగూర్చి చెప్పదగిన గొప్పమాట లేదు. గోనెపట్టాను అందులో పఱతమని చూచితిమి. తీరా అది మురికిగా నున్నదని ఆమె ముందురోజే సబ్బుతో ఉదికి ఆఱవైచినది. టైగరు దానిని పరాయిపట్టావలె మూరుకొని వదలివేసినది. దాని మూడేండ్ల కాపురపు వాసన యంతయు తూములో కలిసిపోయినది. నా మాసిన పంచెయొకటి పైన పఱచి మరల మొదలుపెట్టవలసి వచ్చినది.

పెరుగన్నపు గిన్నె మొదట పెట్టె గడపకు ఆవల, మూడు దినముల తరువాత గడపమీద, తరువాత లోపల బెత్తెడు, తరువాత నడుమ. ఈ నడుమ ఘట్టమున కుక్క నిలుచు భంగిమ చూడవలసినది. ముందుకాళ్లు లోపల, వెనుకకాళ్లు బయట, నడుము విల్లువలె సాగి, ఏ క్షణమునైన వెనుకకు దూకుటకు సిద్ధముగా నుండును. ఒక ముద్ద తినును, వెనుదిరిగి మన చేతులు చూచును. ఆ చూపులో నున్న ప్రశ్నకు మన చేతులు ఊరక యుండుటయే సమాధానము. ఆ సమయమున 'భలే' యని వీపు తట్టి లోపలికి నెట్టినవాడు వారముదినముల పని పాడుచేసికొనును. తొమ్మిదవనాడు వెనుకకాళ్లు తమంతట తాము లోపలికి వచ్చినవి. అది లోపలికి పోవునప్పుడెల్ల 'ఇంటికి' అని నెమ్మదిగా అనుచుంటిని. బయటికి వచ్చునప్పుడు మాట లేదు, ముద్ద లేదు. పగటి కునుకు అందులో తీయుట మొదలుపెట్టిన తరువాతగాని రాత్రి మాట తలపెట్టలేదు. సాయంకాలము పత్రిక చదువుకొను కుర్చీని పెట్టె ప్రక్కకు మార్చితిని. ఆ కాలములో నేను సంపాదకీయములు మాత్రమే కాక టెండరు ప్రకటనలు సైతము చదివితిని.

పిమ్మట ప్రయాణము. వసారానుండి వేపచెట్టుక్రిందికి ఇరువదియొక్క అడుగులు. దినమునకు జానెడు చొప్పున పెట్టెను జరపితిమి. జరపక మానిన వానపడిన దినములు, చుట్టములు వచ్చిన దినములు కలుపుకొని నెలన్నర పట్టినది. ఎక్కడికి జరపినను ముఖము మాత్రము గేటును వంటింటి గుమ్మమును రెండింటిని చూచునట్లే. మెట్టు దిగిన దినమున టైగరు గూటిని వదలి ఖాళీయైన గచ్చుమీదకి పోయి పండుకొనినది. రెండడుగులు వెనుకకు తెచ్చితిమి. "ఒక కుక్క కోసం నెలన్నరా మాస్టారూ?" అని ప్రక్కయింటాయన అడిగిరి. ఆయన గొలుసు రెండు దినముల పనియే. ఆ గొలుసు పెట్టిన భయమును తీయుటకే ఈ నెలన్నరలో సగము పోయినదని ఆయనతో అంటిని.

ఇంత శ్రమపడియు కొన్ని కుక్కలను బయటికి పంపరాదు. తల్లిని విడిచిన పసికూనను, కీళ్లు పట్టిన ముసలిదానిని, జబ్బుదానిని గూటికి నేర్పుదమనుట మూర్ఖత. మంచుదేశములకై పుట్టిన హస్కీలను ఫొటోలకొఱకు కొని తెచ్చి, రెంటచింతలలోను రామగుండములోను వేసవి కాల్చు దినములలో పెరటిలో వదలువారికి నేనీయదగిన సలహా లేదు. దీపావళిరాత్రి మాత్రము ఏ కుక్కకైనను గూడు చాలదు. టపాకాయల చప్పుళ్లు నిలుచువఱకు అది మనతోడనే లోపల నుండవలెను. గూడు కుక్కకు ఒక గది మాత్రమే. దానికి ఇల్లనగా మనమున్న చోటు. రోజంతయు పెరటిలో దాని ముఖము చూడక, గూడు బాగున్నదిగదా యనుకొనువాని కుక్క రాత్రియంతయు ఏల మొఱుగునని ఆశ్చర్యపడనక్కఱలేదు.

శ్రావణములో నొకరాత్రి జోరువాన. రెండుజాములు దాటిన తరువాత టార్చిలైటు పట్టుకొని వసారాలోనికి వచ్చితిని. గ్రిల్లుతలుపు దానికై తీసియే యుంచితిమి. గచ్చుమీద తడియడుగులు లేవు. వేపచెట్టువైపు వెలుగు త్రిప్పగా తాటాకు అంచునుండి ధారలు కట్టిన నీటితెఱ వెనుక, గడపమీద గడ్డమానించి, రెండు కండ్లు పచ్చగా మెఱసినవి. తోక చెక్కకు రెండుమార్లు తగిలిన చప్పుడు వానలోను వినబడినది. కొంతసేపటికి ఉఱుము ఉఱిమినది. నేను మంచమెక్కులోపల టైగరు మంచముక్రింద నుండెను. పొమ్మనలేదు.

ఈ యేడు రోహిణికార్తె వచ్చినది. టైగరు పెట్టెకు దక్షిణమున, దాని నీడ పడు మేరకు, గోళ్లతో మూరెడు గొయ్యి త్రవ్వుకొని, చల్లని తడిమన్నులో పొట్ట ఆనించి పగలంతయు అక్కడనే పండుకొనుచున్నది, కండ్లు గేటుమీదనే. మధ్యాహ్నములందు గూడు ఖాళీ. ప్రక్కయింటి కోడిపెట్ట మరల వచ్చి నా పంచెమీద గ్రుడ్లు పెట్టుచున్నది, టైగరు దానిని ఏమియు ననుట లేదు.